ఐదుగురు పిసికిన బంతి

పక్షవాతం వార్డులో నేను పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలు పనిచేశాను. అందులో మొదటి పదమూడేళ్ళు తప్పుగా లెక్కపెట్టాను. కూడికలో తప్పు కాదు. కూడికలో నన్ను పట్టుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు. దేన్ని లెక్కపెట్టాలో నాకు తెలియలేదు, అదే తప్పు.

ఈ మధ్య మా పాత విభాగంలో చేరిన ఇద్దరు కొత్తవాళ్ళు గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి, "సర్, పేషెంట్లు వ్యాయామం మానకుండా చేయాలంటే మనమేం చెయ్యాలి?" అని అడిగారు. నోటితో చెబుదామనుకున్నాను. నడుము నొప్పితో ఎక్కువసేపు కూర్చోలేను. నిలబడి చెబితే ఉపన్యాసంలా ఉంటుంది. పడుకుని చెబితే మర్యాద కాదు. అందుకని రాస్తున్నాను. ఇతరుల నడుములు నిలబెట్టే ఉద్యోగంలో తన నడుము పోగొట్టుకుని యాభై నాలుగేళ్ళకే ఇంట్లో కూర్చున్నవాడిని కాబట్టి, బరువులెత్తే విషయంలో నా సలహా తీసుకోకండి. మిగతా విషయాల్లో తీసుకోవచ్చు.

బస్తాల నుంచి చేతులకు

నాకు ఫిజియోథెరపీలో డిగ్రీ లేదు. పదో తరగతి తర్వాత పోర్టులో టాలీ గుమస్తాగా చేరాను. ఓడలోకి బస్తాలు ఎక్కుతుంటే పక్కన నిలబడి గీతలు గీయడమే నా పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. శాతాలు, సగటులు, రోజుకింత చొప్పున ఎన్ని రోజులకు ఎంత అన్నవి నాకు నేనే నేర్చుకున్నాను, ఎందుకంటే మధ్యాహ్నం ఎండలో నిలబడ్డవాడికి వేరే కాలక్షేపం లేదు. కంటైనర్లు వచ్చాక బస్తాలు తగ్గాయి, గీతలు తగ్గాయి, చివరికి నేనూ తగ్గాను. ముప్ఫై అయిదేళ్ళ వయసులో నగరంలోని ఒక మోస్తరు ప్రైవేటు ఆస్పత్రిలో సహాయకుడిగా కుదిరాను.

అక్కడ పేషెంట్లు వ్యాయామాలు చేస్తున్నారు గానీ ఎవరూ లెక్కపెట్టడం లేదు. "కాసేపు చెయ్యండి" అంటున్నారు. కాసేపు అంటే ఎంత? నాకు ఒళ్ళు మండింది. మర్నాడే ఒక చార్టు తయారుచేశాను. రబ్బరు బంతి పిసకడం రోజుకు ఇన్నిసార్లు, తువ్వాలు పిండడం ఇన్నిసార్లు, మోకాలు వంచడం ఇన్నిసార్లు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

మా మేనేజరుకు ఆ చార్టులు తెగ నచ్చాయి. ఎవరు చూడవచ్చినా పేషెంట్ల దగ్గరికి కాకుండా చార్టుల దగ్గరికి తీసుకువెళ్ళేవాడు. పేషెంట్లు అడ్డంగా ఉంటే పక్కకు జరగమనేవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నేనూ అంతే.

మా విభాగానికి పెద్ద ఫాతిమా మేడమ్. పాత నగరం మనిషి. తండ్రికి అక్కడ గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆవిడకు ఆ చూపే వచ్చింది, చార్టు కంటే ముందు చేతిని చూసేది. నా చార్టు చూసి మెచ్చుకుంటూనే, "సన్యాసిరావు గారూ, గీతలు బాగున్నాయి. మనిషి ఎలా ఉన్నాడు?" అని అడిగేది. నేను "మూడు వందలు మేడమ్" అని చెప్పేవాడిని. ఆ జవాబు నాకప్పుడు తప్పుగా అనిపించలేదు.

గోడమీద చార్టు

పద్నాలుగో ఏట ఎల్లాజీ వచ్చాడు. జాలరిపేట మనిషి, యాభై దాటింది, ఐదుగురు పనివాళ్ళతో సొంత ఫైబరు పడవ. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయి మంచంమీద వచ్చాడు. మూడు వారాలకు కాలు చాలావరకు తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్ళు ముడుచుకునేవి గానీ దేన్నీ పట్టి ఉంచేవి కావు.

ఏటా వేసవిలో రెండు నెలలుండే చేపల వేట నిషేధం మొదలైన రోజునే ఆయన ఇంటికి వెళ్ళాడు. చేతిలో బంతి పెట్టి, చార్టు ఇచ్చి, నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "రోజుకు మూడు వందలు పూర్తవ్వాలి."

పూర్తయ్యాయి. వారం తర్వాత చార్టు వచ్చింది. రోజుకు మూడు వందలు, ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. ఆదివారం కూడా మూడు వందలే. నా ఉద్యోగంలో అలాంటి చార్టు చూడలేదు. అందరూ మొదటి రోజు ఉత్సాహంగా చేసి, మూడో రోజు సగం చేసి, ఐదో రోజు చుట్టాలొచ్చారని చెబుతారు. నేను దాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. మేనేజరు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

ఆ చార్టు చూసి కూర్మన్నపాలెం నుంచి వచ్చే ఒక స్టీలు ప్లాంటు ఫోర్‌మన్‌కు పౌరుషం వచ్చింది. ఆయనకూ కుడి చెయ్యే. "చేపలు పట్టేవాడు మూడొందలు చేస్తే ఉక్కు పోసినవాణ్ణి నేను మూడొందల యాభై చెయ్యలేనా?" అని పిసికి పిసికి రెండు బంతులు చింపేశాడు. మూడో బంతి ఆస్పత్రి ఇవ్వనంటే మనవడి క్రికెట్ బంతి తెచ్చుకున్నాడు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి, ఆయన చెయ్యి నిజంగానే బాగుపడుతోంది.

ఇరవయ్యో రోజున ఎల్లాజీ పరీక్షకు వచ్చాడు. మూడు వందలు ఇంటూ ఇరవై, ఆరు వేలు. ఫాతిమా మేడమ్ పట్టు కొలిచే మీటరు ఆయన చేతిలో పెట్టి నొక్కమంది. ముల్లు కదల్లేదు. మీటరు పాడైందేమోనని నేను నొక్కి చూశాను. కదిలింది. ఫోర్‌మన్ నొక్కాడు. ముల్లు ఎగిరింది, ఆయన మీసం కూడా.

ఆవిడ గోడమీద చార్టును, ఎల్లాజీ చేతిని, నన్ను వరసగా చూసింది.

"సన్యాసిరావు గారూ, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రండి."

ఎవరి చెయ్యి

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి జాలరిపేట చేరాను. ఇసుకలో పడవ, పడవ పక్కన టార్పాలిన్ నీడ. ఎల్లాజీ ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఎదురుగా ఐదుగురు మగవాళ్ళు బాసింపట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. మధ్యలో ఉన్నవాడు మా బంతి పిసుకుతున్నాడు.

ఎల్లాజీ కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నాడు. "యాభయ్యెనిమిది... యాభయ్తొమ్మిది... అరవై. సాల్రా. తరవాతెవుడు?"

బంతి పక్కవాడికి వెళ్ళింది.

నన్ను చూసి పోలారావు లేచాడు. ఎల్లాజీ భార్యకు తమ్ముడు, పడవలో రెండోవాడు. "రండి సారూ! ఏటి ఇలగొచ్చీసినారు?"

"ఏం చేస్తున్నారు మీరు?"

"ఎక్సైజు సేత్తన్నాం సారూ."

"ఎవరికి?"

"మా బావకే."

"మరి ఆయన చెయ్యి?"

"అదుగో, రెస్టులో ఉంది."

కుర్చీ చేతిమీద, మడిచిన తువ్వాలు పైన, ఆ చెయ్యి పెళ్ళికొడుకులా పడుకుని ఉంది.

ఐదుగురు, తలా అరవై, మొత్తం మూడు వందలు. లెక్క సరిగ్గా ఉంది. నాకు వెంటనే కోపం కూడా రాలేదు, భాగహారం శేషం లేకుండా తేలినందుకు ఒక్క క్షణం సంతోషించాను. మనిషి ఎంత చెడిపోగలడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోలారావు విడమరిచి చెప్పాడు. "పడవలో ఒకుడికి జొరమొచ్చిందనుకోండి సారూ. ఆడి వంతు వల మిగతావోళ్ళం లాగుతాం. ఆడి వాటా ఆడికిచ్చీత్తాం. మా తాతల కాడ్నించీ అంతే. ఆడొక్కడే పిసుక్కుంటా కూకుంటే మేం సూత్తా ఎలగుంటాం?"

"కానీ చెయ్యి ఆయనది కదయ్యా!"

ఎల్లాజీ కళ్ళు తెరిచాడు. "సారూ, మూడొందలు పూర్తవ్వాలన్నారు. ఎవుడు పిసకాలో మీరు సెప్నేదు."

నిజమే. చెప్పలేదు.

పోలారావు నవ్వుతూ చెయ్యి కలిపాడు. నా వేళ్ళు సాయంత్రం వరకు నొప్పెట్టాయి. ఆ ఇరవై రోజుల్లో జాలరిపేటలో ఐదు కుడిచేతులు అద్భుతంగా బలపడ్డాయి.

అయితే నేను వెంటనే వెళ్ళిపోలేదు. ఐదింటి వరకు అక్కడే కూర్చుని జేబులో పుస్తకం తీసి గీతలు గీశాను. ఈసారి బంతిని వదిలేసి చేతులను లెక్కపెట్టాను. ఆ మూడు గంటల్లో ఇతరుల చేతులు ఎల్లాజీ కోసం కదిలింది నలభై ఒక్కసారి: బీడీ వెలిగించడం, దాన్ని డాక్టరు వద్దన్నాడని లాక్కోవడం, చొక్కా బొత్తాం, చెమట, ముక్కుమీద దురద. ఎండుచేపల బుట్ట అమ్ముకుని వచ్చిన భార్య నూకరత్నం అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. ఆయన కుడిచెయ్యి కదిలింది రెండుసార్లు. అందులో ఒకటి ఈగ వాలినప్పుడు.

అడగని ప్రశ్న

ఫాతిమా మేడమ్‌కు అంతా చెప్పి, వాళ్ళు మోసం చేశారని అన్నాను.

"అరే, మోసమేమిటి? మీరు అంకె అడిగారు, వాళ్ళు అంకె ఇచ్చారు," అంది. "బస్తా ఎవరు మోసినా ఓడలోకి చేరుతుంది సన్యాసిరావు గారూ. చెయ్యి అలా చేరదు. ఎవరి చేతిని వాళ్ళే మోసుకురావాలి."

నాకు చాలా సిగ్గేసింది. ఆవిడ అది గమనించి, "నేనూ ఒకటి అడగలేదు లెండి," అని ఎల్లాజీని పిలిపించింది.

"ఎల్లాజీ, ఈ చెయ్యి బాగైతే దాంతో మొదట ఏం చేస్తావు?"

ఆరు వారాలుగా ఆయన మా చేతిలో ఉన్నాడు. నరాల డాక్టరు నుంచి ఆయా వరకు పదకొండు మందిమి ఆయన్ను చూశాం. ఈ ప్రశ్న ఎవరమూ అడగలేదు. బంతి ఎందుకు పిసకాలో ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ అంత బాగా తెలియదు.

ఎల్లాజీ ఆలోచించకుండా అన్నాడు. "ఇంజను తాడు లాగుతాను."

ఆ పడవలో ఒక పద్ధతి ఉంది. తెల్లారి ఇంజను తాడు లాగి స్టార్టు చేసినవాడిదే ఆ రోజంతా మాట. ఎటు వెళ్ళాలి, ఎక్కడ వల వెయ్యాలి, ఎప్పుడు తిరగాలి, అంతా అతనే చెబుతాడు. పాతికేళ్ళుగా ఆ తాడు ఎల్లాజీదే. నిషేధం తీరడానికి నలభై రోజులుంది. ఆ లోపల లాగలేకపోతే పోలారావు లాగాలి.

"ఎడమ చేత్తో లాగొచ్చు కదా?" అన్నాను.

"కెరటంలో పడవ నిలబడదు సారూ. ఒక సేత్తో అంచు అట్టుకోవాల, ఒక సేత్తో లాగాల. రెండూ పనిసెయ్యాల."

నూకరత్నం అక్కడే ఉంది. "లాగనేకపోతే నా కాడికొచ్చీమన్నాను మేడమ్. బుట్టకాడ కూకుని ఈగలు తోల్తాడు. దానికి ఒక సెయ్యి సాలు."

ఆవిడ మంచికే అంది. కానీ ఎల్లాజీ ముఖం చూశాను. మంచంమీద ఎత్తుకొచ్చిన రోజున కూడా ఆ ముఖం అలా లేదు.

పోలారావుకూ ఆ తాడు అక్కర్లేదు. "నాను లాగితే మాట నాది. నా మాటినే ఎదవెవుడున్నాడు మేడమ్ ఆ పడవలో?" అన్నాడు. మిగతా నలుగురూ లేమని తలలూపారు.

తిట్ల వాటా

మర్నాటి నుంచి బంతి మానేశాం. కిటికీ ఊచకు రబ్బరు ట్యూబు కట్టి, దాని చివర పాత ఇంజను తాడు, దాని పిడి బిగించాం. వేళ్ళు జారిపోతాయని మొదట పట్టీతో పిడికి కట్టాం. లాగమన్నాం. జానెడు వచ్చింది.

అసలు కష్టం తాడు కాదు, ఆ ఐదుగురు. బావ లాగుతుంటే చూస్తూ ఊరుకోవడం వాళ్ళ ఒంట్లో లేదు. ఎల్లాజీ పళ్ళు బిగిస్తే ఐదు జతల పళ్ళు బిగుసుకునేవి. రెండో రోజు పోలారావు చెయ్యి దానంతటదే వెళ్ళి తాడు వెనక భాగం లాగింది. మేడమ్ గద్దిస్తే, "నాను లాగనేదు మేడమ్, అదే ఎల్లిపోనాది" అని చేతిని కొట్టాడు.

వాళ్ళను రావద్దని చెప్పాను. వాళ్ళు రాని రోజు ఎల్లాజీ పన్నెండుసార్లు లాగి, నిద్రొస్తోందన్నాడు. వాళ్ళున్న రోజు సగటు ఎనభై నాలుగు. ఈ అంకె తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను. నా జీవితంలో పనికొచ్చిన మొదటి అంకె ఇదేనని నా నమ్మకం.

ఆవిడ ఐదుగురినీ నిలబెట్టి అడిగింది. "పడవలో ఎవరైనా సరిగ్గా లాగకపోతే ఏం చేస్తారు?"

"తిడతాం."

"అయితే అదే పని చెయ్యండి. చెయ్యి వెయ్యకూడదు. నోరు మాత్రమే."

వాళ్ళ ముఖాలు వెలిగాయి. బావ కోసం చెయ్యడానికి ఒక పని దొరికింది. అయితే అందులోనూ వాటాలు వేసుకున్నారు. ఒక్కొక్కరికి ఇరవై లాగుళ్ళు, ఇరవై తిట్లు. ఒకరు వాడిన తిట్టు ఇంకొకరు వాడకూడదు.

"బావా, మా అమ్మ ఇంతకన్నా గట్టిగా పప్పు రుబ్బుద్ది!"

"ఏటి బావా, తాడు లాగతన్నావా, పాలు పితకతన్నావా?"

"మావయ్యా, మెల్లగా. కిటికీకి నొప్పెడతాది."

ఎల్లాజీ తిరిగి తిట్టేవాడు. తిట్టాలంటే ఊపిరి బిగించాలి, ఊపిరి బిగిస్తే తాడు ఇంకో అంగుళం వచ్చేది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పక్క వార్డులో నర్సులు తలుపు వేసేశారు. పేషెంట్లు తెరిపించారు.

నాలుగో రోజు ఫోర్‌మన్ నన్ను పక్కకు పిలిచాడు. "నాకూ ఓ ఇద్దర్ని పంపించండి. మా ఇంట్లో అందరూ మంచిగా మాట్లాడుతున్నారు. చెయ్యబుద్ధి కావట్లేదు."

పంపించాను. ఆయన ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఇతరులను తిట్టినవాడు, తిట్లు తినడం కొత్త. మొదటిరోజు కోపంతో క్రికెట్ బంతి కిటికీలోంచి విసిరేశాడు. కుడిచేత్తో విసిరాడని గమనించి నేను ఒక గీత గీసుకున్నాను. అద్దం ఎవరు పగలగొట్టారని మేనేజరు అడిగితే, కోలుకుంటున్న పేషెంటు అని రాశాను.

ఇంటి దగ్గర పని నూకరత్నానికి అప్పజెప్పాం. ముద్దలు పెట్టడం మానాలి. ఆవిడకు అది అన్నిటికన్నా కష్టమైంది. "ఆకలితో కంచం సూత్తా కూకుంటే నా కడుపు తరుక్కుపోతంది సారూ," అని మొదటి మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు ఎల్లాజీ కుడిచేత్తో ఇడ్లీ ముక్క తీసి, నోటికని బయల్దేరి, చెవిలో పెట్టుకున్నాడట. ఆవిడ నవ్వి నవ్వి ఇల్లంతా దొర్లింది. ఆ తర్వాత ఏడవలేదు. కంచంలోది నోటికి చేరిన లెక్క నా చార్టులో కొత్త గడి. చెవికి చేరింది కూడా రాశాం, ప్రయాణం జరిగింది కదా.

పదో రోజుకు తాడు మూరెడు వచ్చింది. ఇరవయ్యయిదో రోజు పట్టీ తీసేశాం. ముప్ఫై అయిదో రోజున మూరన్నర. అయితే ఇక్కడ మీకు అబద్ధం చెప్పకూడదు. బొత్తాలు ఆయనకు ఇప్పటికీ పెట్టుకోవడం రాదు. తిట్లతో అందరికీ చేతులు రావు. అదే పద్ధతి ఒక స్కూలు మాష్టారి మీద వాడబోతే ఆయన వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఆయనకు కావలసింది సుద్దముక్క, ఇచ్చాక మాట్లాడాడు. ఎవరికి ఏది కావాలో ముందు అడగండి. నాకు అది నేర్చుకోవడానికి పదమూడేళ్ళు పట్టింది, మీకు పదమూడు నిమిషాలు చాలు.

నిషేధం తీరిన పొద్దు

డాక్టరు మూడు షరతులతో ఒప్పుకున్నాడు. మాత్రలు మానకూడదు, తీరం కనిపించేంత దూరమే వెళ్ళాలి, లైఫ్‌జాకెట్టు తియ్యకూడదు. ఎల్లాజీ తెల్లారకముందే ఆ నారింజరంగు జాకెట్టు తొడుక్కుని పండగ రోజు ఎద్దులా సిద్ధంగా ఉన్నాడు. మేడమ్, నేను ఇసుకలో నిలబడ్డాం. నిషేధం తీరి పేటలో పడవలన్నీ బయల్దేరుతున్నాయి.

ఆ ఐదుగురూ నడుములోతు నీళ్ళలో నిలబడి పడవను రెండు పక్కలా పట్టుకున్నారు. ఎల్లాజీ ఎక్కి ఎడమచేత్తో అంచు పట్టుకుని కుడిచేత్తో తాడు లాగాడు.

ఇంజను దగ్గింది. ఆగింది.

రెండోసారి అదీ లేదు. మూడోసారి పిడి వేళ్ళలోంచి జారిపోయింది. పక్క పడవలవాళ్ళు చూడనట్టు చూస్తున్నారు. నాలుగు. ఐదుగురిలో ఎవరూ తిట్టడం లేదు. ఐదు. నూకరత్నం ముఖం అటు తిప్పుకుంది.

ఎల్లాజీ అరిచాడు. "ఏరా, నోళ్ళడిపోనాయేటి? తిట్టండ్రా!"

పోలారావు నోరు విప్పాడు. "బావా, నువ్వు లాగనేకపోతే నాను లాగాల. నాను లాగితే ఈ పడవ ఒరిస్సా ఎల్లిపోద్ది. లాగరా ఎదవా!"

బావను 'ఎదవా' అనడం అదే మొదటిసారనుకుంటాను. ఎల్లాజీ ముఖం ఎర్రబడింది. ఆరోసారి తాడు మూరన్నర దాటి వచ్చింది. ఇంజను అందుకుంది.

ఐదుగురూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాలంటే పడవను వదలాలి. వదిలారు. పడవ కెరటం మీదుగా ఎగిరి, ఎల్లాజీ ఒక్కడితో, వెళ్ళిపోయింది.

"వల! వల ఇక్కడే ఉంది!" అని నూకరత్నం కేకలు పెట్టింది. మేడమ్ నా భుజం మీద తల పెట్టి నవ్వుతోంది, లేదా ఏడుస్తోంది, నేను చూడలేదు. ఐదుగురూ నీళ్ళలో పడి ఈదుతున్నారు. ఎల్లాజీ కెరటాలు దాటి, చుట్టూ ఒక పెద్ద గుండ్రం తిప్పి, వాళ్ళకోసం వేగం తగ్గించాడు. అందరికంటే ముందు పోలారావు రొప్పుతూ చేరాడు. ఎల్లాజీ ఇంజనును ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి చాపాడు.

పోలారావు ఆ చెయ్యి చూసి నీళ్ళలోనే ఆగాడు. ఆ అరుపులు ఒడ్డుకు స్పష్టంగా వినిపించాయి.

"అదొద్దు బావా! ఎడం సెయ్యియ్యి!"

"ఎడం సెయ్యి పనిలో ఉందిరా. ఇదే ఖాళీ. ఎక్కితే ఎక్కు, నేకపోతే ఈదు."

పోలారావు కాసేపు అలా తేలుతూ ఆలోచించాడు. తర్వాత పట్టుకున్నాడు.